పాల్ హారిస్ ఫెలో అవ్వమని వెయ్యి డాలర్లు కట్టమంటున్నారు, కట్టొచ్చా?

ఒంగోలులో రోటరీలో చేరి ఆరు నెలలే అయిందనీ, అప్పుడే రోటరీ ఫౌండేషన్ అనే సేవా నిధికి వెయ్యి డాలర్లు కట్టి పాల్ హారిస్ ఫెలో (రోటరీ స్థాపకుడి పేరున దాతకిచ్చే గౌరవం) అవ్వమని వెంటపడుతున్నారనీ, ఆ డబ్బు ఎటు పోతుందో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదనీ, పైగా స్టేజీ ఎక్కి ఆ గౌరవపు పిన్ను పెట్టించుకుంటే పేరు కోసం ఇచ్చాడంటారేమోననీ మీరు అడిగారు. నాది కావలి, ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. పద్నాలుగేళ్లుగా క్లబ్బులో ఉన్నాను, రెండేళ్లు మా క్లబ్బు ఫౌండేషన్ పని కూడా నెత్తిన వేసుకున్నాను కాబట్టి చూసింది చూసినట్టు రాస్తాను.

ఇవ్వండి. కానీ ఒక్కసారే ఇవ్వక్కర్లేదు, ఇంకొకరి చేతికి అసలే ఇవ్వొద్దు.

ఆ రెండో మాట ఎందుకంటున్నానంటే, నేను మొదటిసారి ఇచ్చింది నగదు. ఆ ఏడాది లెక్కలు చూస్తున్న పెద్దమనిషికి ముగ్గురం కలిపి ఇచ్చాం, ఆయన అన్నీ ఒకటే మొత్తం చేసి ఒకే పేరు మీద పంపేశాడు. ఎవరూ తినలేదు, పైసాతో సహా ఫౌండేషన్‌కు చేరింది. కాకపోతే ఆ గౌరవానికి లెక్కపెట్టే పాయింట్లు ఒకరికే పడ్డాయి, ఆదాయపన్ను మినహాయింపుకు చూపే 80జీ రసీదు కూడా ఆయన పాన్ మీదే వచ్చింది. మా ఆడిటరు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నీది కాదు కదయ్యా, నాకెందుకు తెచ్చావు" అన్నాడు. సరిచేయించుకోవడానికి దాదాపు ఏడాది తిరిగాను, ఈలోపు ముగ్గురిలో ఒకాయన అలిగి మీటింగులకు రావడమే మానేశాడు. అందుకే మీరు రోటరీ వెబ్‌సైటు మై రోటరీలో మీ ఐడీతో లాగిన్ అయి, మీ బ్యాంకు ఖాతా నుంచి, మీ పాన్ ఇచ్చి కట్టండి. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే 80జీ మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎలా కట్టినా రాదు, అది ముందే చూసుకోండి. డాలరుకు ఎన్ని రూపాయలన్నది కూడా రోటరీ వాళ్లే ప్రతి నెలా ఒక రేటు చెబుతారు, ఆ రోజు పేపర్లో రేటు చూసి లెక్క వేసుకుంటే తేడా వస్తుంది.

ఇక వెయ్యి డాలర్లంటే మనకు 80 వేల పైమాటే. షాపు నడుపుకునే వాడికి అది చిన్న మొత్తం కాదు. ఏడాదికి వంద చొప్పున పదేళ్లు కట్టినా మీరు పాల్ హారిస్ ఫెలోనే, ఎందుకంటే అన్నీ కలిపే లెక్కిస్తారు. ఈ సంగతి మీకు చెప్పి ఉండరు, ప్రెసిడెంటుకు తన ఏడాదిలో ఎంతమంది అయ్యారన్నదే టెన్షన్ మరి. అసలు 1917లో అప్పటి రోటరీ అధ్యక్షుడు ఆర్చ్ క్లంఫ్ ఇలాంటి నిధి ఒకటి ఉండాలని ప్రతిపాదిస్తే, దానికి మొట్టమొదట కాన్సాస్ సిటీ క్లబ్బు నుంచి వచ్చింది 26 డాలర్ల 50 సెంట్లు. ఈ పాల్ హారిస్ గౌరవం పెట్టిందేమో 1957లో, అంటే నలభై ఏళ్ల తర్వాత.

డబ్బు ఎటు పోతుందన్నది మీరు ఏ పద్దు ఎంచుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. యాన్యువల్ ఫండ్‌లో షేర్ అని ఉంటుంది, మామూలుగా అందరూ కట్టేది దానికే. ఆ డబ్బు మూడేళ్లు పెట్టుబడిగా ఉండి, తర్వాత దాదాపు సగం మీ రోటరీ డిస్ట్రిక్టు (ఒక ప్రాంతంలోని క్లబ్బులన్నీ కలిపి) వాడుకోవడానికి వెనక్కి వస్తుంది, దాదాపు సగం ప్రపంచ నిధికి పోతుంది. కాబట్టి ఇవాళ కట్టి రేపు మా వీధిలో బోరు వేయమంటే కుదరదు. వచ్చిన వాటా కూడా ప్రాజెక్టు రాసి అడిగిన క్లబ్బుకే దక్కుతుంది. పెద్ద ప్రాజెక్టులకు ఫౌండేషన్ ఇచ్చే గ్లోబల్ గ్రాంటు అయితే బడ్జెట్టు కనీసం 30 వేల డాలర్లు ఉండాలి, వేరే దేశం క్లబ్బు ఒకటి తోడు కావాలి. డయాలసిస్ మిషన్లు, బడులకు మరుగుదొడ్లు అలా వస్తాయి. పోలియో పద్దుకు కడితే నేరుగా పోలియోకే పోతుంది, దానికి గేట్స్ ఫౌండేషన్ రెండింతలు కలుపుతుంది, ఏడాదికి 50 మిలియన్ డాలర్ల సేకరణ వరకు. ఎండోమెంట్ అని ఇంకో పద్దుంది, మంచిదే కానీ అది పాల్ హారిస్ లెక్కలోకి రాదు. తెలియక దాంట్లో వేసి, నా పిన్నేదీ అని అడిగినవాళ్లు ఉన్నారు.

పేరు విషయానికొస్తే, మన గుళ్లో ఫ్యాను రెక్క మీద దాత పేరు చూసి అందరం నవ్వుకుంటాం. నేనూ నవ్వాను, ఆ ఫ్యాన్లు అమ్మింది నేనే అయినా. కానీ మన నెల్లూరు సీమలో పాత శాసనాలు చాలావరకు ఏమిటి? ఫలానావాడు ఫలానా గుడికి ఇంత భూమి, ఇన్ని గొర్రెలు ఇచ్చాడనే కదా. పేరు చెక్కి ఉండబట్టే ఆ లెక్క ఇప్పటికీ దొరుకుతోంది. గుప్తదానం గొప్పదే, కాదనను. కానీ క్లబ్బులో పేరు రాయడమంటే లెక్క రాయడం కూడా, నా రసీదు గొడవలో నాకు బోధపడింది అదే. నాకు నచ్చనిది వేరే ఉంది. పెద్ద మొత్తం ఇచ్చినాయనకు గజమాల, ఫ్లెక్సీ, శాలువా మీద శాలువా. ఏటా వంద డాలర్లు నోరెత్తకుండా కట్టేవాడి పేరు చదివేవాడే ఉండడు. నేను బాధ్యత తీసుకున్నాక ఎవరు ఇప్పటిదాకా ఎంత కట్టారో చూపే క్లబ్ రికగ్నిషన్ సమ్మరీ అనే రిపోర్టు తీయించి చూస్తే, మా రిటైర్డ్ లెక్కల మాస్టారు తొమ్మిది వందల డాలర్లు దాటేసి ఉన్నారు. ఆయనకే తెలియదు! ఆ ఏడాది సభలో ముందు వంద డాలర్లు కట్టేవాళ్ల పేర్లు చదివించాం, పెద్ద మొత్తం ఇచ్చిన గ్రానైటు వ్యాపారిని చివర్లో పిలిచాం. ఆయనేమీ అనుకోలేదు, పక్కనున్నవాళ్లే అనుకున్నారు.

ఇంకో దారి ఉంది. మీరు కట్టిన ప్రతి డాలరుకూ ఒక పాయింటు వస్తుంది. మీ పిన్ను మీకే ఉంటుంది, ఆ పాయింట్లు మాత్రం ఫారం మీద సంతకం చేసి ఇంకొకరి పేరుకు రాయొచ్చు. వాళ్లు రోటరీలో ఉండాలని కూడా లేదు, ఒకసారికి కనీసం వంద పాయింట్లు రాయాలి, వెయ్యి చేరితే వాళ్లూ పాల్ హారిస్ ఫెలోనే. నేను నా వెయ్యీ ఒక ఏఎన్ఎం పేరున రాశాను. తుమ్మలపెంట వైపు పల్లెపాళేల్లో పల్స్ పోలియో ఆదివారాలన్నీ ఆవిడే తిరిగేది, భుజాన వ్యాక్సిన్ డబ్బా, వేళ్లకు ఎప్పుడూ మార్కరు మరక. 2011 జనవరిలో హౌరాలో వచ్చిన కేసు తర్వాత దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ కేసు రాలేదంటే అలాంటివాళ్ల కాళ్ల పుణ్యమే. సర్టిఫికెట్ చేతికివ్వగానే మైకు ముందే, "దీనికి నేనెంత కట్టాలి సార్?" అంది. హాలంతా నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు, నేను ఏమీ లేదమ్మా అని రెండుసార్లు చెప్పాకే కుర్చీలో కూర్చుంది. తర్వాత ఆస్పత్రి దగ్గర కనిపించినప్పుడు చూశాను, ఆ పిన్ను ఐడీ కార్డు తాడుకు గుచ్చుకుని ఉంది.

ఆ ఫారం నింపేటప్పుడు ఒకటి చూసుకోండి. పేరు ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతోనే రాయండి. ఆవిడ ఇంటిపేరులో మేం ఒక అక్షరం తప్పు రాసి, సర్టిఫికెట్ మళ్లీ తెప్పించాల్సి వచ్చింది.