ఫాదర్ కావాలంటే సైన్స్ వదిలేయాలా?

ప్రశ్న: మాది గుంటూరు. ఆర్సీఎం (రోమన్ క్యాథలిక్) కుటుంబం. మా అబ్బాయి బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాదిలో ఉన్నాడు. చదువు ఆపేసి, చర్చి ఫాదర్లకు శిక్షణ ఇచ్చే సెమినరీలో చేరతానంటున్నాడు. సైన్సూ దైవశాస్త్రమూ రెండూ చదివి, జన్యువుల మార్పిడి లాంటి విషయాల్లో క్రైస్తవ నీతి గురించి పాఠాలు చెబుతాడట. ఇలాంటి కెరీర్ నిజంగా ఉందా? ఒక్కగానొక్క కొడుకు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఉందమ్మా. కాకపోతే నోటిఫికేషన్ చూసి, పరీక్ష రాసి తెచ్చుకునే ఉద్యోగం కాదు. ఈ దారిలో పేరు తెచ్చుకున్నవాళ్లను చూస్తే మీవాడు ఎక్కడ తొందరపడుతున్నాడో తెలుస్తుంది. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాసిన జార్జ్ లమైత్ర్ బెల్జియంలో ఫాదరే. 1920లో గణితంలో డాక్టరేట్ చేతికొచ్చాకే సెమినరీలో చేరారు. 1923లో గురుపట్టాభిషేకం అయి ఫాదర్ అయ్యారు. 1951లో పోపు పన్నెండో పయస్ ఈ సిద్ధాంతాన్ని బైబిల్ సృష్టికి ముడిపెట్టి మాట్లాడితే, అలా కలపడం సరికాదన్నది కూడా లమైత్రే. సబ్జెక్టు మీద పట్టు లేనివాడికి ఆ ధైర్యం రాదు. జాన్ పోకింగ్‌హార్న్ అయితే కేంబ్రిడ్జిలో ఫిజిక్స్ ప్రొఫెసర్ పదవి వదులుకుని, 1982లో ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) గురువయ్యారు, అంటే ఫాదరే. పిండ కణజాలాన్ని పరిశోధనకు వాడటంపై బ్రిటన్‌లో 1989లో నివేదిక ఇచ్చిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు.

కాబట్టి డిగ్రీ ఆపనివ్వకండి. ఎమ్మెస్సీ కూడా అయితే మరీ మంచిది. సెమినరీలో తత్వశాస్త్రం, దైవశాస్త్రం కలిపి ఏడెనిమిదేళ్లు పడుతుంది. మధ్యలో బయటికొచ్చేసేవాళ్లూ ఉంటారు, అందులో తప్పేం లేదు. అప్పుడు ఎమ్మెస్సీ ఉంటే లెక్చరర్ ఉద్యోగానికి నెట్ పరీక్ష రాసుకుంటాడు. సగంలో వదిలేసిన బీఎస్సీ ఎందుకు పనికొస్తుంది?

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఇంకొకటుంది. మేత్రాసన గురువు, అంటే ఒక బిషప్ గారి పరిధిలో పనిచేసే ఫాదర్, ఏం చదవాలో, ఎక్కడ ఉండాలో ఆ బిషప్ గారే నిర్ణయిస్తారు. మీవాడు బయోఎథిక్స్‌లో (జీవశాస్త్రం, వైద్యంలో నీతి) పీహెచ్‌డీ అనుకుంటే, ఆయన ఫిరంగిపురం అవతల ఓ విచారణకు (పల్లె చర్చి బాధ్యతకు) పంపొచ్చు. విధేయత మాట ఇచ్చాక కాదనలేడు. కాలేజీలు నడిపే సభల్లో (యేసు సభ లాంటి సన్యాస సంఘాల్లో) పై చదువులకు వీలు ఎక్కువే గానీ అక్కడా విధేయత వ్రతం వ్రతమే. లెక్చరర్ జీతం వచ్చినా సభకే పోతుంది. మీ పెద్దతనానికి ఆ డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దు.

ఎథిక్స్ అంటే ప్రసంగాలే అనుకునేరు. కొత్త మందును మనుషుల మీద పరీక్షించాలంటే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. 2019 కేంద్ర నిబంధనల ప్రకారం అందులో కనీసం ఏడుగురుండాలి. డాక్టర్లు, న్యాయం తెలిసినవాళ్లు, ఒక మామూలు పౌరుడు, వీళ్లతో పాటు సామాజిక శాస్త్రవేత్త, తత్వవేత్త, దైవశాస్త్ర పండితుడు వంటివారిలో ఒకరికి చోటుంది. సమ్మతి పత్రం తెలుగులో ఉందా? మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషికి అది అర్థమవుతుందా? మందు వికటిస్తే వైద్యం ఖర్చు ఎవరిది? అక్కడ నలిగేవి ఇలాంటి ప్రశ్నలు. కణం లోపల ఏం జరుగుతుందో తెలిసిన ఫాదర్ ఉంటే ఆ మాటకు బలం వస్తుంది. అయితే అది జీతం వచ్చే కొలువు కాదు.

ఇప్పుడు అబ్బాయిని సూటిగా ఒకటడగండి: ఫాదర్ కావాలనుందా, ఎథిక్స్ చెప్పాలనుందా? రెండోదే అయితే గురువు కానక్కర్లేదు. పుణెలోని జ్ఞానదీప సంస్థలో గృహస్థులు కూడా దైవశాస్త్రం చదువుతారు. పెళ్లీ చేసుకోవచ్చు (ఒక్కగానొక్క కొడుకు అన్నారు కదా, అసలు బాధ అదేనేమోనని).

మొదటిదే అయితే ఈ సెలవుల్లో మీ మేత్రాసనంలో దైవపిలుపులు చూసే (ఫాదర్ కావాలనుకునేవాళ్లతో మాట్లాడే) ఫాదర్‌ను, విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీలో యేసు సభ (జెస్యూట్) ఫాదర్లను కలవండి. ఎమ్మెస్సీ అయ్యాక చేర్చుకుంటారా, సైన్స్ చదివినవాళ్లను పై చదువులకు పంపిన సందర్భాలున్నాయా, సెమినరీ డిగ్రీకి యూజీసీ గుర్తింపు ఉందా అని అడగండి. మూడో ఏడాది ఫీజు మాత్రం ఈలోపే కట్టేయండి.