'ఎక్కలేదు': జరగలేదా, చేతకాదా?

సందేహం: తిరుపతిలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. 'మా అవ్వ అలిపిరి మెట్లు ఎక్కలేదు' అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో రాయమంటే కొందరు 'డిడ్ నాట్ క్లైంబ్' అనీ, కొందరు 'కెనాట్ క్లైంబ్' అనీ రాశారు. ఎవరిది తప్పు?

సమాధానం: ఎవరిదీ కాదు, అందరికీ మార్కులు వేయండి. వాక్యానికే రెండర్థాలున్నాయి.

పని జరగలేదని చెప్పే 'లేదు' ఎవరికైనా మారదు: నేను ఎక్కలేదు, నువ్వు ఎక్కలేదు, వాళ్లు ఎక్కలేదు. శక్తి లేదని చెప్పే 'లే' మాత్రం కర్తను బట్టి మారుతుంది: ఎక్కలేను, ఎక్కలేవు, ఎక్కలేరు. ఎక్కగలను అనే మాటకు వ్యతిరేకం ఇదే. అందుకే 'తాత ఎక్కలేదు', 'తాత ఎక్కలేడు' అన్నప్పుడు తికమక రాదు. అవ్వ దగ్గరే వచ్చింది చిక్కు. ఒక్క స్త్రీని గురించి చెప్పేటప్పుడు, ఆవుకూ బండికీ వాడినట్టే, ఈ 'లే' చివర 'దు' చేరుతుంది. దాంతో రెండు రూపాలూ ఒకటైపోతాయి. 'బండి ఘాట్ రోడ్డు ఎక్కలేదు' అన్నా ఇదే ఇబ్బంది. గౌరవంగా 'అవ్వగారు ఎక్కలేరు' అంటే మాత్రం అది చేతకాకపోవడమే.

కారణం చెబితే తేలుతుందనుకోకండి. 'మోకాళ్ల నొప్పులతో ఎక్కలేదు' అన్నా రెండర్థాలూ నిలిచే ఉంటాయి. 'నిన్న', 'పోయిన నెల' లాంటి కాలం మాట చేరిస్తే జరగలేదన్న అర్థం తేలుతుంది. 'ఇకమీదట 3,550 మెట్లు ఎక్కలేదు' అంటే శక్తి లేదన్నదే. ప్రయత్నించి వెనక్కి తిరిగితే 'ఎక్కలేకపోయింది'. ఇంగ్లీషులో అది 'కుడ్ నాట్ క్లైంబ్'.

మన చిత్తూరు వైపు 'అవ్వకు మెట్లెక్కేదానికి కాదు' అంటారు. ఈ తేడాను ఇంత శుభ్రంగా చెప్పే మాటను యాస అని పిల్లల నోట కొట్టేయొద్దు. 'కెనాట్' అర్థం చెప్పడానికి ముందు దాన్నే వాడండి, తొందరగా పట్టుకుంటారు.

ఇంకో జాగ్రత్త. తెలుగులో 'లే' కర్తను బట్టి మారుతుంది గానీ ఇంగ్లీషు 'కెన్' మారదు. 'షి కెన్స్' అనీ, 'కెన్ టు క్లైంబ్' అనీ రాస్తే అక్కడ మార్కు తీసేయండి.