హైడ్రోజన్ చేసిన అప్పు

సందేహం: ప్రోటాన్ యాక్సిలరేటర్లకు (ప్రోటాన్లను వేగంగా తోసే యంత్రాలకు) కావలసిన నెగెటివ్ హైడ్రోజన్ అయాన్ సోర్సుల (ఆ అయాన్లను పుట్టించే పరికరాల) మీద ఒక పత్రికకు వ్యాసం పంపాను. నేను ‘ఋణ అయాన్’ అని రాస్తే వాళ్ళు ‘ప్రతికూల అయాన్’ అని దిద్దారు. ఏది ఒప్పు? ఋణమా, రుణమా? సోర్స్‌ను ఏమనాలి?
– ఒక పరిశోధక విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీరు రాసిందే నయం. కూలమంటే గట్టు, గట్టుకు ఎదురు తిరిగింది ప్రతికూలం. ఫిషింగ్ హార్బర్లో ‘వాతావరణం ప్రతికూలంగా ఉంది, వేటకు వెళ్ళకండి’ అని మైకులో చెబితే అది చక్కని మాట. మీ అయాన్ ఎవరికీ ఎదురు తిరగలేదు. దానికున్నది అప్పు: తనది కాని ఒక ఎలక్ట్రాన్ అదనంగా. ఈ మధ్య నెగెటివ్ అన్న ప్రతి చోటా ప్రతికూలం అతికించడం ఒక జబ్బయింది.

ధనం, ఋణం అని సంఖ్యలకు పేర్లు పెట్టి లెక్కలు చెప్పినవాడు బ్రహ్మగుప్తుడు, క్రీ.శ. 628లో. కలిమి ఒక పక్క, అప్పు ఒక పక్క. కానీ నాకు ముచ్చటైనది అంతకు ముందున్న పాణిని సూత్రం: ‘ఋణమాధమర్ణ్యే’. ఋ అనే ధాతువుకు వెళ్ళడమని అర్థం. దానికి క్త ప్రత్యయం (మాటలో మిగిలేది త) చేరితే మామూలుగా ఋతం, అంటే సత్యం. అప్పుపడిన సందర్భంలో మాత్రం త పోయి ణ వచ్చి ఋణం. సత్యమూ అప్పూ ఒక తల్లి పిల్లలు! అప్పు తీసుకున్నవాడు అధమర్ణుడు, ఇచ్చినవాడు ఉత్తమర్ణుడు. ఇంకో తమాషా: అయాన్ గ్రీకు మాట, అర్థం ‘వెళ్ళేది’. 1834లో ఫారడే వాడుకలోకి తెచ్చాడు. అంటే మీ ఋణ అయాన్‌లో రెండు ముక్కలూ నడిచేవే.

ఇప్పుడు మీ యంత్రాన్ని చూడండి. హైడ్రోజన్‌కు సొంత ఎలక్ట్రాన్ ఒకటి. దాన్ని ఊడదీయాలంటే 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల (ఇంత చిన్న శక్తులకు వాడే కొలత) శక్తి కావాలి. అప్పు తెచ్చుకున్న రెండోదానికి 0.75 చాలు. చేబదులు డబ్బు జేబులో నిలవనట్టే. ఆ అప్పు పుట్టడం తేలిక కావాలని సోర్సులోని లోహపు గోడకు సీసియం అనే లోహపు పూత పట్టిస్తారు. 1970ల మొదట్లో సైబీరియాలోని నోవోసిబిర్‌స్క్‌లో దొరికిన కిటుకు అది. సీసియం ఉంటే గోడ ఎలక్ట్రాన్లను సులువుగా వదులుతుంది. పాణిని పరిభాషలో ఆ గోడే ఉత్తమర్ణుడు. సీసియం 28.5 డిగ్రీలకే కరుగుతుంది. మన మే నెలలో సీల్ వేసిన గాజుగొట్టంలో, బీరువాలో ఉండగానే బంగారు రంగు ద్రవమైపోతుంది.

ఇంత కష్టపడి చేసిన అప్పు ఎందుకంటే, తీర్చేయడానికే. జెనీవా దగ్గరి పరిశోధన కేంద్రం సెర్న్‌లో లీనాక్-4 అనే యాక్సిలరేటర్ ఈ అయాన్లను 160 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు తోసి వలయంలోకి పంపుతుంది. అక్కడ మైక్రాన్ మందపు కర్బన రేకు దాటేసరికి అప్పుతో పాటు సొంతదీ పోతుంది. మిగిలిన ప్రోటాన్, అప్పటికే తిరుగుతున్న ప్రోటాన్లలో కలిసిపోతుంది. మొదటి నుంచీ ప్రోటాన్నే పంపితే అదే దారిలో ఇమడ్చలేరు. ఈ కథంతా ఋణం అన్న ఒక్క మాటలో ఉంది, ప్రతికూలంలో ఏముంది?

ఇక ఋణమా, రుణమా? పలికేది రుణమే. పేపర్లలో రుణమాఫీ స్థిరపడింది, నేను పోట్లాడను. అయితే అధమ, ఋణ కలిస్తేనే గుణసంధి వచ్చి అధమర్ణ అవుతుంది. రుణ అని రాస్తే ఆ ‘ర్ణ’ ఎక్కడిదో పిల్లలకు చెప్పలేం. మీ వ్యాసంలో ఋ ఉంచండి, పత్రికవారు మారిస్తే ఊరుకోండి. ల్యాబ్‌లో ఎలాగూ ‘హెచ్ మైనస్’ అనే అంటారు, అనండి.

సోర్స్‌కు ‘ఊట’ అని రాయమందామని నోటిదాకా వచ్చింది. కానీ ఊట తనంతట వస్తుంది. ఇక్కడ ప్లాస్మాలోంచి (అయాన్లూ ఎలక్ట్రాన్లూగా విడిపోయిన వాయువులోంచి) వోల్టేజీ పెట్టి లాగాలి. అందుకని ‘జనకం’ అనండి. అదీ నాకు పూర్తిగా నచ్చలేదు.