ఐ7 సరే, ఎన్నో జనరేషన్?

ప్రశ్న: అన్నగారూ, మాది జనగామ. ఇంట్లోనే బట్టలు కుడతాను. మా బాబు ఇంటర్ సెకండియర్. పరీక్షలు అయిపోగానే కంప్యూటర్ కొనిపెడతానని వాడికి మాటిచ్చాను. చిట్టీ ఎత్తితే 25 వేలు చేతికొస్తాయి, అంతకుమించి ఒక్క రూపాయి కూడా లేదు. వాడు వాలరెంట్, జీటీఏ 5 ఆడాలంటున్నాడు. కోడింగ్ కూడా నేర్చుకుంటాడని నా ఆశ. ఫోన్లో ఒక ప్రకటన చూపించాడు: 'గేమింగ్ పీసీ, ఐ7, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్ కార్డు, 18,999 రూపాయలు'. అద్దాల డబ్బా, లోపల రంగు లైట్లు. తీసుకోవచ్చా? మానిటర్ కూడా మా ఇంట్లో లేదు.
– ఒక తల్లి, జనగామ

జవాబు: చెల్లెమ్మా, ఆ డబ్బా కొనకండి. డబ్బు కట్టేయలేదు కదా, అదే మేలు. మీ 25 వేలల్లో బాబు అడిగిన రెండు ఆటలూ ఆడొచ్చు, కోడింగూ నేర్చుకోవచ్చు. కాకపోతే ఆ కంప్యూటర్‌కి లైట్లు ఉండవు. చూడ్డానికి బ్యాంకు కౌంటర్ వెనక ఉండే నల్ల డబ్బాలా ఉంటుంది.

ముందు ఆ ప్రకటన సంగతి. ఐ7 అంటే ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ పేరు, అది కంప్యూటర్‌కి మెదడు లాంటిది. ఐ7 అని రాశారు, పక్కన నంబరు రాయలేదు. అసలు విషయమంతా ఆ నంబర్లోనే ఉంది. ఐ7-2600 అని ఉంటే మొదటి అంకె 2, అంటే రెండో జనరేషన్. అది 2011 జనవరిలో వచ్చింది. ఐ5-8500లో మొదటి అంకె 8, ఎనిమిదో జనరేషన్, 2018 నాటిది. ఐ3-12100లో ఐదంకెలున్నాయి కాబట్టి మొదటి రెండూ కలిపి చూడాలి, 12, అంటే పన్నెండో జనరేషన్. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి పని చేయిస్తే, పేరుకు చిన్నదైన ఐ3 ఆ ఐ7ని చాలా వెనక్కి నెట్టేస్తుంది. మీ బాబుతో ఆ అమ్మేవాళ్లకి ఒక్క మెసేజ్ పెట్టించండి: 'ప్రాసెసర్ పూర్తి నంబరు ఎంత? సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీ ఫొటో పంపండి'. చాలామంది అక్కడితో జవాబివ్వడం మానేస్తారు.

ఇక 4 జీబీ గ్రాఫిక్ కార్డు. మా హన్మకొండ షాపుకి కిందటి ఎండాకాలం ఒక తండ్రీకొడుకులు అచ్చం ఇలాంటి డబ్బానే పట్టుకొచ్చారు. ఆట మొదలైన ఐదు నిమిషాలకే తెర నల్లబడిపోతోందన్నారు. పక్క అద్దం ఊడదీశాను. కార్డు మీద కొత్త స్టిక్కరు, జీటీఎక్స్ 1050 టీఐ అని. ఫ్యాను తీస్తే హీట్‌సింకు గాడుల్లో దుమ్ము గట్టిగా అట్టకట్టి ఉంది, చిప్పు మీద పేస్టు ఎండి సున్నంలా రాలిపోతోంది. కొత్త కార్డుకి అంత దుమ్ము ఎక్కడిది? మళ్లీ బిగించి జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపితే కార్డు పేరు ముందే 'ఫేక్' అని చూపించింది. ఎప్పుడో పాతబడిన చిప్పుకి లోపలి ప్రోగ్రాం మార్చి కొత్త పేరు పెట్టారు. ఆ పిల్లవాడు ఏమీ మాట్లాడలేదు, స్క్రూలన్నీ ఏరి నా చేతిలో పెట్టాడు. అమ్మినవాళ్ల ఫోను అప్పటికే స్విచాఫ్. ఆ పూట మనసు మనసులో లేదు నాకు. అందుకే మీ ఉత్తరానికి ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇప్పుడు ఏది కొనాలో చెప్తాను. పెద్ద కంపెనీలు, బ్యాంకులు కొన్నేళ్లు వాడిన డెస్క్‌టాప్‌లని ఒకేసారి వందలకొద్దీ తీసేస్తాయి. వాటిని శుభ్రం చేసి అమ్మే షాపులు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, మేం సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల ఉంటాయి. నేను రిపేరు పని నేర్చుకున్నది అక్కడే. జనగామ నుంచి పొద్దున రైలెక్కితే పని చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. అక్కడ వీటిని 'రీఫర్బ్' అంటారు. మూడు పేర్లు రాసుకోండి: డెల్ ఆప్టిప్లెక్స్ 7060, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ4, లెనోవో థింక్‌సెంటర్ ఎం720. మూడూ ఎనిమిదో జనరేషన్‌వే. లోపల ఐ5-8500 ఉన్నది అడగండి, అందులో ఆరు కోర్లుంటాయి.

ఎనిమిదికి తగ్గొద్దని ఎందుకు పట్టుబడుతున్నానంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా నడుస్తుంది. పైగా విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లూ ఆన్‌లో ఉండాలి. ఈ ఆఫీసు మిషన్లలో ఆ రెండూ ఉంటాయి. ఆరో జనరేషన్, ఏడో జనరేషన్ మిషన్లు మూడు నాలుగు వేలు తక్కువకి చూపిస్తారు, ఆశపడకండి.

గ్రాఫిక్ కార్డు లేకుండా ఆటలెలా అని బాబు అడుగుతాడు. ప్రాసెసర్‌లోనే చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది, దాని పేరు యూహెచ్‌డీ 630. వాలరెంట్ తయారుచేసినవాళ్లు తమ ఆటకి కనీసం ఇంటెల్ హెచ్‌డీ 4000 ఉంటే చాలన్నారు. అది 2012 నాటి చిప్పుల్లోది, మీకు దొరికేది దానికంటే ఎంతో మెరుగు. జీటీఏ 5 కంప్యూటర్లకి వచ్చింది 2015లో. సెట్టింగులన్నీ తగ్గించి 720పీలో పెడితే ఆడొచ్చు. కొనేటప్పుడు అందులో 'లెగసీ', 'ఎన్‌హాన్స్‌డ్' అని రెండుంటాయి. లెగసీనే ఎక్కించుకోమనండి, రెండోది ఈ మిషన్ మోయలేదు. లెగసీ ఒక్కటే నూరు జీబీ దాటుతుంది కాబట్టి ఫైళ్లు దాచుకునే డిస్కు, అంటే ఎస్‌ఎస్‌డీ, 256 జీబీ కంటే తక్కువది వద్దు. ఇక క్రికెట్ 07 లాంటి పాత ఆటలంటారా, అవి దీనికి లెక్కే కాదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి. ఈ చిన్న గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకే 8 జీబీ ముక్క ఉంటే దారి ఒకటే. రెండు ముక్కలుంటే దారులు రెండు. మా షాపులో ఒక కుర్రాడి మిషన్‌లో వాలరెంట్ సెకనుకి నలభై ఫ్రేముల (బొమ్మల) దగ్గర తడబడుతుంటే, నేను చేసిందల్లా పక్క స్లాటులో అలాంటిదే ఇంకో 8 జీబీ ముక్క నొక్కి పెట్టడం. స్లాటు చివర్ల క్లిప్పులు టప్‌మని మూసుకున్నాయి, మిషన్ ఆన్ చేశాం, అదే మ్యాపు, అదే సెట్టింగు, అంకె యాభై దాటింది. వేరే ఏ ఖర్చూ లేదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, విడిగా కొనాలంటే భారం. కాబట్టి రెండు 8 జీబీ ముక్కలతో ఉన్న మిషన్‌నే వెతకండి, దానికి వెయ్యో పదిహేను వందలో ఎక్కువ అడిగినా ఇవ్వండి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఎన్ని స్లాట్లు వాడుతోందో కనిపిస్తుంది.

డబ్బా సైజు కూడా చూసుకోండి. టిఫిన్ బాక్సంత చిన్నవి మైక్రో, టైనీ అని ఉంటాయి. ముద్దుగా ఉంటాయి గానీ వాటిలో మామూలు గ్రాఫిక్ కార్డు పట్టదు. సన్నగా ఉండే ఎస్‌ఎఫ్‌ఎఫ్‌లో పొట్టి కార్డు మాత్రమే పడుతుంది. టవర్ దొరికితే టవరే తీసుకోండి. రెండేళ్ల తర్వాత బాబు చేతికి నాలుగు డబ్బులొస్తే జీటీఎక్స్ 1650 పెట్టుకుంటాడు. అది 75 వాట్లే తీసుకుంటుంది, విడిగా కరెంటు వైరు అక్కర్లేని రకం చూసి కొనాలి. ఈ కంపెనీ మిషన్లలో పవర్ సప్లై బయట దొరికే మామూలుదానితో మార్చడం కుదరదు కాబట్టి ఈ జాగ్రత్త.

షాపులో కూర్చుని అరగంట చూడకుండా డబ్బు ఇవ్వకండి. మొదట చేయాల్సింది, డెల్ అయితే ఆన్ అవుతుండగా ఎఫ్2 నొక్కి బయోస్, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల పేజీ, తెరిపించండి. పాస్‌వర్డ్ అడిగితే ఆ మిషన్ వదిలేయండి. పాత ఆఫీసువాళ్లు వేసిన తాళం అది. తర్వాత సెక్యూర్ బూట్ మార్చాలన్నా కుదరదు. 'అది మేం తీసేస్తాం' అంటే తీసి చూపించాకే మిగతా మాట. తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో చూడండి. నేనైతే తొంభైకి తగ్గితే మార్చి ఇమ్మంటాను. యూఎస్‌బీ పోర్టులన్నిట్లో ఒక్కో దాంట్లో మౌస్ గుచ్చి చూడమనండి. వారంటీ ఎన్ని నెలలో బిల్లు మీద రాయించుకోండి, నోటిమాట వద్దు.

మీ 25 వేలు నేను ఇలా పంచుతాను. మిషన్‌కి 15 వేలు, దాటకండి. వాడిన 20 లేదా 22 అంగుళాల మానిటర్ మూడున్నర నాలుగు వేలల్లో చూడండి. కొనేముందు వెనక సాకెట్ చూడాలి. డెల్ మిషన్‌కి రెండు డిస్‌ప్లేపోర్టులే ఉండొచ్చు, పాత మానిటర్‌కి వీజీఏ మాత్రమే ఉండొచ్చు. అప్పుడు మధ్యలో కన్వర్టర్ కావాలి, అది మర్చిపోయి ఇంటికెళ్తే ఆ రాత్రి పిల్లాడు ఖాళీ తెర ముందు కూర్చుంటాడు. కీబోర్డు, మౌస్ కలిపి ఏడెనిమిది వందలు. మిగిలిన దాంట్లో 600 వీఏ యూపీఎస్. గ్రాఫిక్ కార్డు కోసం యూపీఎస్ మానేస్తానని బాబు అంటాడు, ఒప్పుకోకండి. జనగామలో వేసవి గాలివానలకి కరెంటు ఎలా పోయి వస్తుందో మీకు తెలుసు.

కోడింగ్‌కి ఈ మిషన్ ఎక్కువే తప్ప తక్కువ కాదు. వాడి ఇంజనీరింగ్ రెండో ఏడాది దాకా దీనితో పని జరిగిపోతుంది.

ప్రశ్న: సార్, బీటెక్ మొదటి ఏడాది, హాస్టల్లో ఉంటాను. 38 వేలల్లో ల్యాప్‌టాప్ కావాలి. సాయంత్రం కాసేపు వాలరెంట్, రాకెట్ లీగ్ ఆడతాను. రైజెన్ 5 7520యూ ఉన్నదీ, రైజెన్ 5 5500యూ ఉన్నదీ ఇంచుమించు ఒకే ధరకి చూశాను. పెద్ద నంబరే కొత్తది కదా?
– ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: తమ్ముడూ, పైన జనగామ అమ్మకి మొదటి అంకె చూడమన్నాను. అది ఇంటెల్ పాత లెక్క. నువ్వు చెప్పిన ఏఎండీ చిప్పుల్లో మొదటి అంకెని నమ్మితే దెబ్బతింటావు. 7520యూలాంటి ఏడు వేల నంబర్లలో మూడో అంకె చూడాలి, దీంట్లో అది 2. అంటే లోపలున్నది జెన్ 2 అనే పాత డిజైనే. నాలుగు కోర్లు, గ్రాఫిక్స్‌లో రెండే యూనిట్లు. 5500యూలో ఆరు కోర్లు, గ్రాఫిక్స్‌లో ఏడు యూనిట్లు. ఆటలకి రెండోదే తీసుకో, సందేహం వద్దు. 7530యూ దొరికితే ఇంకా మంచిది, మూడో అంకె 3 కదా, జెన్ 3.

7520యూలో ఇంకో ఇబ్బంది ఉంది. దానికి ర్యామ్ బోర్డు మీదే అతికించి వస్తుంది, 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీయే. 5500యూ మోడళ్లలో చాలావాటికి ఒక స్లాటయినా ఉంటుంది. కొనేముందు ఆ మోడల్ పేరు పెట్టి స్లాటు ఉందో లేదో కనుక్కో. ఇంటి దగ్గరుంటే నిన్నూ డెస్క్‌టాపే కొనమనేవాణ్ని, హాస్టల్ గదిలో అది కుదరదు.

ప్రశ్న: అన్నా, మా నాన్న ఆఫీసు డెస్క్‌టాప్ కొనిచ్చాడు, ఐ5 ఎనిమిదో జనరేషన్, 16 జీబీ. బ్లూస్టాక్స్ వేసి ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడితే ఆగి ఆగి నడుస్తోంది. మిషన్ పాడైందా?
– పదో తరగతి విద్యార్థి, మార్కాపురం

జవాబు: మిషన్ బాగానే ఉంది నాన్నా. కంప్యూటర్లో ఫోన్ ఆట సాఫీగా నడవాలంటే ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడపనిచ్చే సదుపాయం, ఆన్‌లో ఉండాలి. ఆఫీసుల్లో అవసరం లేక దాన్ని ఆపేసి ఉంచిన మిషన్లు నా చేతికి ఎన్నో వచ్చాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు, టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కింద 'వర్చువలైజేషన్' అని ఉంటుంది. అక్కడ 'డిసేబుల్డ్' అని ఉంటే ఆపి మళ్లీ ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కి, హెచ్‌పీ అయితే ఎఫ్10, బయోస్‌లో వర్చువలైజేషన్ అన్నచోట టిక్కు పెట్టి సేవ్ చెయ్యి. మిగతా వాటి జోలికి పోకు. తర్వాత బ్లూస్టాక్స్ సెట్టింగుల్లో నాలుగు కోర్లు, 4 జీబీ మెమరీ ఇవ్వు. అప్పటికీ ఆగుతుంటే డబ్బా పక్క మూత తీసి ఫ్యాను తిరుగుతోందో లేదో నాన్నని చూడమని, ఫొటో తీసి మళ్లీ రాయి.