గార్డెన్లో స్లగ్గులుంటే కుక్కపిల్లకు ఏ మందు వేయాలి?

చి. అబ్బాయికి, కోడలికి ఆశీస్సులు.

మీ కార్డిఫ్ ఇంట్లోకి కుక్కపిల్ల వచ్చిందని, వాన పడ్డప్పుడల్లా వెనక గార్డెన్లో స్లగ్గులు, అంటే గుల్ల లేని నత్తలు, తిరుగుతున్నాయని కోడలు రాసింది. టీకాలు వేయించారు, నులిపురుగుల మాత్ర కూడా వేశారు. మంచిదే. కానీ నులిపురుగుల మాత్రలన్నిటితోనూ లంగ్‌వార్మ్, అంటే స్లగ్గుల ద్వారా కుక్కలకొచ్చే ఊపిరితిత్తుల పురుగు, ఆగదు. మీ కార్డిఫ్ ఉన్న దక్షిణ వేల్స్ మొదటి నుంచీ ఈ పురుగుకు పేరుపడ్డ ప్రాంతం. ఇప్పుడైతే స్కాట్లండ్ దాకా పాకింది.

ఈ పురుగు నక్కల్లోనూ ఉంటుంది. నక్కో, జబ్బున్న కుక్కో వేసిన మలంలో కంటికి కనిపించని పిల్ల పురుగులుంటాయి. నత్తలు, స్లగ్గులు ఆ మలాన్ని తింటాయి. ఆ స్లగ్గును మన కుక్క మింగితే పురుగులు పేగు గోడ దాటి, గుండె కుడివైపుకి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాల్లోకి చేరతాయి. పెరిగినా రెండు సెంటీమీటర్లే, సేమ్యా కన్నా సన్నం. కానీ ఉండేది రక్తనాళాల్లో కాబట్టి ప్రాణం మీదికి తెస్తాయి. పిల్లలకు అంటుతుందేమోనని భయం వద్దు, ఇది మనుషులకు రాదు. కుక్క నుంచి కుక్కకు నేరుగా కూడా రాదు.

కుక్క కావాలని స్లగ్గును తినక్కర్లేదు. రాత్రి బయట వదిలేసిన రబ్బరు బొమ్మ బొక్కలో తెల్లారేసరికి బియ్యపు గింజంత స్లగ్గు దూరి ఉంటుంది. నీళ్ల గిన్నె అడుగున, గడ్డి పరకల మధ్యా అంతే. అందుకే బొమ్మలు సాయంత్రమే లోపలికి తెచ్చేయండి, గిన్నె పొద్దున్నే కడిగి నీళ్లు మార్చండి, మలం ఏ రోజుది ఆ రోజే ఎత్తేయండి. ఇవన్నీ చేసినా స్లగ్గుల్ని పూర్తిగా ఆపలేరు. కాపాడేది నెలనెలా వేసే మందే.

పాకెట్ మీద మోక్సిడెక్టిన్ గానీ మిల్బెమైసిన్ ఆక్సైమ్ గానీ ఉందేమో చూడండి. వాటిని సాధారణంగా వెట్ (పశువైద్యుడు) రాసిస్తేనే ఇస్తారు. ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్ మాత్రమే ఉంటే అది బద్దెపురుగులకు, ఏలికపాములకు మందు, దీనికి కాదు. ఊరి నుంచి అమ్మ బ్యాగులో వచ్చే మాత్రల్లోనూ ఎక్కువగా ఉండేవి అవే. వెల్లుల్లి పెడితే పురుగులు పోతాయని ఎవరైనా చెబితే అసలు వినకండి, అది కుక్క రక్తాన్ని పాడుచేస్తుంది.

డోసు బరువును బట్టి ఉంటుంది, పిల్ల నెలనెలా పెరుగుతుంది. దాన్ని ఎత్తుకుని బాత్రూం తూకం మీద నిలబడి, మీ బరువు తీసేస్తే దాని బరువు తెలుస్తుంది. మోక్సిడెక్టిన్ ఉన్న స్పాట్ ఆన్ (చర్మం మీద పిండే) మందైతే భుజాల మధ్య, నాలుక అందని చోట, వెంట్రుకలు పాయ తీసి చర్మం కనబడ్డాకే పిండాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. బొచ్చు మీద పడ్డ మందు వృథా. మాటిమాటికీ షాంపూ పెట్టినా దాని బలం తగ్గుతుంది. కోలీ జాతైతే ఆ మందు నాకకుండా మరీ జాగ్రత్త. మాత్రైతే అన్నం పెట్టాక ఇవ్వండి.

తేదీ తప్పకండి, చలికాలంలో కూడా. సంక్రాంతికి ఇండియా వస్తే కుక్కను చూసుకునేవాళ్లకు డోసు, తేదీ రాసిచ్చి రండి. ఒక నెల తప్పితే గుర్తొచ్చిన రోజే వేయండి, రెండు డోసులు కలిపి వద్దు. వెట్‌కు మాత్రం చెప్పండి, పరీక్ష అవసరం కావచ్చు.

స్లగ్గుల మీద గుళికలు చల్లేముందు ఆలోచించండి. మెటాల్డిహైడ్ గుళికల్ని 2022లో గ్రేట్ బ్రిటన్‌లో ఆరుబయట వాడకుండా నిషేధించారు. కుక్క తింటే మూర్ఛలొస్తాయి. మీకంటే ముందున్నవాళ్లు షెడ్డులో పాత డబ్బా వదిలేశారేమో వెతకండి.

దగ్గు, ఆయాసం, నడకకు బద్ధకించడం మామూలు లక్షణాలు. దగ్గే లేకుండా రక్తస్రావంతో బయటపడడం కూడా ఉంది. ముక్కులోంచి రక్తం రావడం, కంటి తెల్లగుడ్డు ఎర్రబడడం, చిన్న గీత పడ్డా రక్తం ఆగకపోవడం, చిగుళ్లు పాలిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే తీసుకెళ్లండి. ఈ పురుగు రక్తం గడ్డకట్టడాన్ని దెబ్బతీస్తుంది. కుక్కను పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు తీసుకెళ్లేటప్పుడు నెలనెలా వేసే మందు ఎప్పుడైనా తప్పిందా అన్నది వెట్‌కు ముందే చెప్పాలనేది ఇందుకే.

రక్తపరీక్ష ఫలితం క్లినిక్‌లోనే పావుగంటలో వస్తుంది. మలం పరీక్ష అడిగితే వరుసగా మూడు రోజులది ఇవ్వాలి, పురుగులు రోజూ బయటపడవు. మింగిన 40 నుంచి 60 రోజుల దాకా మలంలో కనిపించవు కూడా, కాబట్టి నిన్న స్లగ్గు తిన్నదని ఇవాళ పరీక్ష చేయిస్తే లాభం లేదు. చికిత్స మొదలైతే పురుగులు చచ్చేటప్పుడు ఆయాసం పెరగవచ్చు. వెట్ సరే అనేదాకా పరుగులు, బంతాటలు మాన్పించండి.

ఇప్పుడు వేసిన మందు పాకెట్ వెనకవైపు ఫొటో తీసి పంపండి, ఏముందో చూసి చెబుతాను.

ఇట్లు,
పెదనాన్న