మీ వాహనం – మీ ప్రశ్న: వెలిగి ఆరే ఏబీఎస్, ట్రాక్షన్ లైట్లు

ప్రశ్న: మాది 2012 నాటి పెట్రోలు కారు, లక్ష కిలోమీటర్లు దాటింది. కొన్ని నెలలుగా మీటరు బోర్డు మీద ఏబీఎస్ లైటు, జారుతున్న కారు బొమ్మ ఉండే ట్రాక్షన్ లైటు రెండూ కలిసి వెలుగుతున్నాయి. ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేస్తే పోతాయి, కొన్నాళ్లకు మళ్లీ వస్తాయి. వానాకాలంలో ఎక్కువగా వస్తున్నాయి. కారు నెమ్మదిగా ఆగబోయేటప్పుడు ఒక్కోసారి బ్రేకు పెడలు కాలికింద దడదడలాడుతుంది. గ్యారేజీలో స్కానర్ పెట్టి కుడివైపు ముందు చక్రం సెన్సరు మార్చారు. పది రోజులకే లైట్లు మళ్లీ వచ్చాయి. ఇప్పుడు ఏబీఎస్ మాడ్యూలు మొత్తం మార్చాలంటున్నారు. మార్పించమంటారా? అప్పటిదాకా కారు నడపవచ్చా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఏబీఎస్‌ను నడిపే కంప్యూటరు పెట్టె అయిన మాడ్యూలును ఇప్పుడే మార్పించకండి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన సమాచారం పెడలు దడదడలాడడం గురించి మీరు రాసిన ఒక్క వాక్యం. ఆ సంగతి గ్యారేజీవారికి చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకపోతే ఈసారి తప్పకుండా చెప్పండి.

ముందుగా, రెండు లైట్లు ఎందుకు కలిసి వస్తున్నాయో చూద్దాం. ప్రతి చక్రం దగ్గరా వేగాన్ని కొలిచే సెన్సరు ఒకటి ఉంటుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌కూ, చక్రం ఊరికే తిరిగిపోకుండా చూసే ట్రాక్షన్ కంట్రోలుకూ ఆ నాలుగు సెన్సర్ల లెక్కే ఆధారం కాబట్టి, అందులో ఒక్కటి తప్పినా రెండు వ్యవస్థలూ పని మానుకుని రెండు లైట్లూ వెలిగిస్తాయి. అంటే రెండు లైట్లు వెలిగినంత మాత్రాన రెండు లోపాలున్నాయని భయపడనక్కరలేదు.

ఇక పెడలు సంగతి. సెన్సరు వైరు పూర్తిగా తెగిపోతే కంప్యూటరు ఆ విషయాన్ని వెంటనే పసిగట్టి, లైటు వెలిగించి, ఏబీఎస్‌ను ఆపేస్తుంది. అలాంటప్పుడు పెడలు కొట్టుకునే అవకాశమే లేదు. మీ కారులో అందుకు భిన్నంగా, వేగం బాగా తగ్గాక ఏదో ఒక చక్రం నుంచి వచ్చే సంకేతం బలహీనపడుతోందని, కారు ఇంకా కదులుతుండగానే ఆ చక్రం మాత్రం ఆగిపోయిందని కంప్యూటరు పొరబడుతోందని, అందుకే ఆ చక్రానికి బ్రేకు ఒత్తిడిని వదిలి మళ్లీ పట్టిస్తోందని నా అనుమానం. ఈసారి పెడలు దడదడలాడినప్పుడు లైటు అప్పటికే వెలిగి ఉందో, ఆరి ఉందో గమనించండి. ఆరి ఉంటే నా అనుమానం బలపడుతుంది. వెలిగి ఉంటే ఏబీఎస్ పనిలో లేనట్టే కాబట్టి, ఆ అదురు వంకరపోయిన బ్రేకు డిస్కు వల్ల వస్తోందేమో చూడాలి.

ఈ వయసు కార్లలో ఇలాంటి బలహీన సంకేతానికి తరచుగా కారణమయ్యేది సెన్సరు కాదు, దాని ఎదురుగా తిరిగే పళ్ల రింగు. చాలా కార్లలో ఇది డ్రైవ్ షాఫ్టు (ఇంజను బలాన్ని చక్రానికి చేర్చే కడ్డీ) చివర బిగించి ఉంటుంది. రింగుకూ షాఫ్టుకూ మధ్య తుప్పు పట్టి ఉబ్బితే రింగు వెంట్రుకవాసి పగులుతుంది. పగిలినచోట రెండు పళ్ల మధ్య దూరం పెరిగి, చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక తప్పుడు లెక్క కంప్యూటరుకు చేరుతుంది. మీ ప్రాంతంలో తేమకు తోడు రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు కూడా రోడ్ల మీద పడుతుంటాయి కనుక తుప్పును మరింత అనుమానించాలి. చక్రం పైకి లేపి, టార్చి వేసి, చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పుతూ ప్రతి పంటినీ చూడమనండి. మట్టి, గ్రీజు కప్పేసి ఉంటే పగులు కనబడదు, బ్రష్షుతో శుభ్రం చేశాకే చూడాలి. కొన్ని కార్లలో పళ్ల రింగుకు బదులు చక్రం బేరింగు సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. అలాంటి బేరింగు మార్చేటప్పుడు తిరగేసి బిగిస్తే సంకేతం రాదు. మీ కారుకు ఈమధ్య బేరింగు మార్చి ఉంటే అది కూడా చెప్పండి.

రింగు బాగుంటే తరువాత చూడవలసింది వైరు. స్టీరింగు తిప్పినప్పుడల్లా, గుంతలో పడినప్పుడల్లా ముందు చక్రం సెన్సరు వైరు వంగుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి వంగి వంగి పైతొడుగు బాగానే ఉన్నా లోపలి రాగి పోగులు తెగుతాయి. కనెక్టరు విప్పి పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టిందేమో కూడా చూడాలి. వాన రోజుల్లో లైట్లు ఎక్కువగా రావడానికి అది కారణం కావచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక: రెండు రకాల సెన్సర్లున్నాయి. పాత తరహా కాయిలు సెన్సరును మల్టీమీటరుతో ఓములు కొలిచి పరీక్షించవచ్చు. కొత్త తరహా సెన్సరులో ఎలక్ట్రానిక్ చిప్ ఉంటుంది కాబట్టి ఓముల లెక్క ఏమీ చెప్పదు. ఆ పరీక్షతో సెన్సరు పోయిందని తేల్చేవారి మాట నమ్మవద్దు.

అసలు పరీక్ష వేరే ఉంది. స్కానరులో లోపాన్ని సూచించే కోడు చదివి ఊరుకోకుండా, నాలుగు చక్రాల వేగాలనూ ఒకే తెరమీద పెట్టుకుని, ఒకరు నడుపుతుండగా మరొకరు చూస్తూ, ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల నుంచి నెమ్మదిగా ఆగేదాకా రావాలి. నాలుగు అంకెలూ దాదాపు కలిసి దిగాలి. ఒకటి మాత్రం ముందే సున్నాకు పడితే దోషం ఆ చక్రం దగ్గరే. కోడు చెప్పేది ఆ చక్రం నుంచి సంకేతం సరిగా రావడం లేదని మాత్రమే; సెన్సరు చెడిందని కాదు. చౌకగా దొరికే చిన్న స్కానర్లలో చాలావరకు ఇంజను కోడ్లనే చదువుతాయి, ఏబీఎస్‌ను చదవగలిగేది కావాలని అడగండి. బ్యాటరీ వోల్టేజి, మాడ్యూలు ఫ్యూజు, ఎర్తు వైరు కూడా చూసి, ఇవన్నీ బాగున్నాకనే మాడ్యూలును అనుమానించాలి. అప్పుడు కూడా దాన్ని విప్పి సోల్డరింగు బాగుచేసేవారు ఉన్నారేమో ముందు విచారించండి.

నడపడం గురించి: పసుపు లైట్లు మాత్రమే ఉంటే మామూలు బ్రేకులు పనిచేస్తాయి. అయితే తడిరోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని జారవచ్చు. పెడలు దడదడలాడినప్పుడు కారు ఆగే దూరం కూడా పెరుగుతుంది. ముందు బండికి ఎక్కువ ఎడం ఇవ్వండి, బాగుచేయించడాన్ని వాయిదా వేయకండి. వీటితోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే మాత్రం సురక్షితమైన చోట ఆపి, హ్యాండ్ బ్రేకు పూర్తిగా దిగిందో లేదో, బ్రేకు ఆయిలు గీతకు తగ్గిందేమో చూడండి. తగ్గితే పోసి వదిలేయకుండా ప్యాడ్లు అరిగాయా, ఎక్కడైనా కారుతోందా అన్నది తేల్చాలి. హ్యాండ్ బ్రేకు దిగి, ఆయిలు సరిగానే ఉన్నా ఎర్రలైటు ఆరకపోతే కారును లాగించుకు వెళ్లండి. అలాంటి స్థితిలో గట్టిగా బ్రేకు వేస్తే వెనుక చక్రాలు ముందే బిగుసుకుని కారు అడ్డంగా తిరిగిపోవచ్చు.

ప్రశ్న: బ్యాటరీ మార్చిన నాటినుంచి ట్రాక్షన్ లైటు ఒక్కటే ఆరడం లేదు. ఏబీఎస్ లైటు రాలేదు. ఇదీ సెన్సరు లోపమేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కాకపోవచ్చు. బ్యాటరీ విప్పినప్పుడు కొన్ని కార్లలో స్టీరింగు ఎంత తిరిగి ఉందో చెప్పే సెన్సరు తన మధ్యస్థానాన్ని మరిచిపోతుంది. ఇంజను నడుస్తుండగా స్టీరింగును ఒకసారి పూర్తిగా ఎడమకు, ఒకసారి పూర్తిగా కుడికి తిప్పి, మధ్యకు తెచ్చి, కొంతదూరం తిన్నగా నడపండి. చాలా కార్లలో లైటు అంతటితో ఆరిపోతుంది. ఆరకపోతే స్కానరుతో ఆ సెన్సరును సరిచేయించాలి. దానికి ముందు ట్రాక్షన్‌ను ఆపే బటను ఎవరైనా పొరపాటున నొక్కారేమో, బ్రేకు తొక్కినప్పుడు వెనుక లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకోండి. బ్రేకు పెడలు దగ్గరి స్విచ్చి చెడినా ఇదే లైటు వస్తుంది.