సైకిల్ సందేహాలు: ఎర్రమట్టి ఉన్నంతవరకు ఎక్కండి, నల్లరేగడి రాగానే దిగండి

ప్రశ్న: కొండాపూర్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొత్తగా గ్రావెల్ బైకు (మట్టిదారుల్లోనూ పోయే వెడల్పు టైర్ల సైకిలు) కొన్నాను, టైర్లు 40 మిల్లీమీటర్లవి. ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పు కిందున్న 23 కిలోమీటర్ల ట్రాకు మీద తిరిగి తిరిగి మొహం మొత్తింది. చెట్లూ చేలూ ఉన్న మట్టిదారి, ఒక్క పూటలో తిరిగొచ్చేది చెప్పండి. మొన్న ఫోన్లో మ్యాపు చూసుకుంటూ వికారాబాద్ అవతలికి వెళ్ళాను. వాన పడింది. చివరికి సైకిలు నన్ను మొయ్యలేదు, నేనే దాన్ని మోశాను.

జవాబు: ఎక్కడ ఇరుక్కున్నారో మీరు రాయలేదు. అనంతగిరి కొండ దిగిన తర్వాతే అయ్యుంటుంది. ముప్పై ఏళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళకి మొరం రోడ్లు వేయించిన ఇంజినీరును నేను. రిటైరయ్యాక అవే రోడ్ల మీద సైకిలు తొక్కుతున్నాను. నేను చేసిన తప్పులన్నీ ఇప్పుడు నా నడుముకే తెలుస్తున్నాయి.

మ్యాపు దారి చూపిస్తుంది, మట్టిని చూపించదు. అనంతగిరి కొండల నెత్తిన ఉన్నది ఎర్రటి లాటరైట్, మనం మొరం అనేది. దాని కింద నల్లరాయి. ఆ రాయి చివికితే రేగడి. అంటే పైన ఎర్రచెలకలు, పల్లానికి దిగేకొద్దీ నల్లచేలు. మొరం మీద వాన వెలిసిన గంటకి నీళ్ళు ఇంకిపోతాయి, సైకిలు హాయిగా పోతుంది. రేగడి అలా కాదు. తడిస్తే టైరుకి చుట్టుకుంటుంది, ఫోర్కులో కూరుకుంటుంది, చక్రం నిలబడిపోతుంది. మూడేళ్ళ క్రితం నేనూ మొండికేసి తొక్కాను. వెనక గేర్లు మార్చే డిరైలర్‌ని పట్టుకుని ఉండే చిన్న హ్యాంగర్ ముక్క పుటుక్కున విరిగింది. ఆ ముక్క ఖరీదు కొద్ది వందలే గానీ, ఆ పూట నడిచిన దూరం లెక్క కట్టలేదు. అప్పటినుంచి సంచిలో ఒకటి అదనంగా పెట్టుకుంటున్నాను. మీరూ మీ మోడల్‌కి సరిపోయేది కొని ఉంచుకోండి, ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

ఇక దారి. కారు వికారాబాద్‌లో పెట్టేసి తెల్లవారగానే బయల్దేరండి. రైల్లోనూ రావచ్చు గానీ, లగేజీ వ్యానులో వేసిన సైకిల్ని బండి ఆగే ఆ కొద్ది నిమిషాల్లో దింపుకోవడం పెద్ద తతంగం. ఊరు దాటాక అనంతగిరి ఘాటు. తారురోడ్డే, ఐదారు కిలోమీటర్లు, చెమట పడుతుంది. పద్మనాభస్వామి గుడి దగ్గర కోతులున్నాయి. అరటిపండ్లు జేబులో దాచినా పసిగడతాయి, అక్కడికి చేరకముందే తినేయండి. మూసీ పుట్టింది ఈ కొండల్లోనే. కొండకి ఇవతల పడ్డ చినుకు మూసీలో కలిసి హైదరాబాద్ మీదుగా పోతుంది. అవతల పడ్డది కాగ్నాలో కలిసి, తాండూరు దాటి, కర్ణాటకలో భీమలో చేరుతుంది. రెండూ చివరికి కృష్ణలోకే. ఆ నీళ్ళు విడిపోయే గట్టు మీద సైకిలు తొక్కడం నాకిష్టం, తారురోడ్డు మీదైనా సరే.

గుడి దాటి కెరెల్లి వైపు దిగుతుంటే అటూ ఇటూ బండ్లబాటలు విడిపోతాయి. మీకు కావలసినవి అవే. ఊరి నుంచి ఊరికి పోయే బాటనే పట్టుకోండి. అడవిలోకి పోయి ఆగిపోయే బాటల జోలికి వెళ్ళకండి, అది రిజర్వు ఫారెస్టు. టేకు, మోదుగ, తునికి చెట్ల మధ్య నుంచి ఎక్కుతూ దిగుతూ పోతారు. ఫిబ్రవరి, మార్చిలో వస్తే మోదుగు పూలు చెట్టంతా నిప్పులు పోసినట్టుంటాయి. దసరా ముందూ వెనకా అయితే సీతాఫలాలు, రోడ్డు పక్కనే గంపల్లో అమ్ముతారు. అలా ధారూరు మీదుగా కోటిపల్లి ప్రాజెక్టు దాకా పోయి తిరిగొస్తే మొత్తం యాభై కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. నీళ్ళ దగ్గరికి దిగుతుంటే మట్టి నలుపెక్కుతుంది. ముందురోజు వాన పడి ఉంటే అక్కడ బాట వదిలి తారురోడ్డు ఎక్కండి. పౌరుషానికి పోకండి.

మొరం మీద దిగుడులో ఒక జాగ్రత్త. రోలరు సరిగ్గా తిరగని చోట ఎర్రగులకరాళ్ళు గోళీల్లా దొర్లుతాయి. (సరిగ్గా తిప్పించని చోట్లలో రెండు నావే.) ముందు బ్రేకు గట్టిగా పట్టారా, పడ్డట్టే. వెనక్కి జరిగి కూచుని, వేగమంతా మలుపుకి ముందే తగ్గించుకోండి.

పూడూరు వైపు దామగుండం అడవి గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. ఒకప్పుడు నేనే అందరినీ అటు పంపేవాణ్ణి. 2024 అక్టోబరులో అక్కడ జలాంతర్గాములతో మాట్లాడే నేవీ రేడియో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. ఇప్పుడు ఎవరినీ పంపడం లేదు.

ప్రశ్న: మాది అనంతపురం. వారానికి రెండు పంక్చర్లు, పల్లేరుకాయలో కంపముళ్ళో. భూతద్దం పెట్టుకుని తొక్కాలా?

జవాబు: భూతద్దం వద్దమ్మా. ట్యూబులు తీసేసి ట్యూబ్‌లెస్ చేయించుకోండి, లోపల సీలెంటు, అంటే బెజ్జాలు పూడ్చే ద్రవం, పోయించండి. పల్లేరుముల్లు చేసే బెజ్జం దానంతటదే పూడుతుంది. ముల్లు కనబడితే వెంటనే పీకెయ్యకండి, ఇల్లు చేరేదాకా అదే బిరడా. మీ ఎండలకి సీలెంటు తొందరగా ఎండిపోతుంది, వేసవిలో రెండు నెలలకోసారి విప్పి చూసుకోండి.

సర్కారు తుమ్మముల్లు వేరు. బారెడు చెట్టుకి బోలెడు ముళ్ళు, ఒక్కోసారి టైరులో దిగి విరిగి లోపలే ఉండిపోతుంది. ఒకసారి నేను ఆ సంగతి చూసుకోకుండా కొత్త ట్యూబు వేశాను, ఫర్లాంగు పోకముందే అదీ పోయింది. గొర్రెలు కాసుకునే పెద్దాయన ఒకాయన తన మోపెడ్ వెనక కూచోబెట్టుకున్నాడు. సైకిలు నా భుజాన, నా వెనక ఆయన మేకపిల్ల. ట్యూబు వేసేముందు టైరు లోపల వేలితో ఒక చుట్టు తడమండి, గుడ్డ చుట్టుకుని తడిమితే వేలు తెగదు. అన్నట్టు ఈ తుమ్మ మన దేశానికొచ్చింది మీ పక్క జిల్లాలోంచే. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరుకు కోసమని తెచ్చింది సర్కారు కాబట్టి ఆ పేరు. బిల్లు మాత్రం మన టైర్లు కడుతున్నాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్. లక్షన్నర పెట్టి గ్రావెల్ బైకే కావాలంటున్నాడు, మామూలు సైకిలు మట్టిలో పోదట. నిజమేనా?

జవాబు: మీ వీధికి పాలు పోసేవాళ్ళ పాత సైకిలు ఎక్కడైనా కనబడితే దాని టైరు పక్కన రాసింది మీ వాడిచేత చదివించండి. 28 × 1½ అని ఉంటుంది. ఒకటిన్నర అంగుళం అంటే 38 మిల్లీమీటర్లు. గ్రావెల్ బైకు టైరూ అంతే. నలభై లీటర్ల పాలక్యాన్లు కట్టుకుని ఆ సైకిళ్ళు తిరిగింది మట్టిదారుల్లోనే. లేనివి గేర్లు, మంచి బ్రేకులు. వాటికోసం లక్షన్నర అక్కర్లేదు. డిస్క్ బ్రేకులున్న మామూలు హైబ్రిడ్ (రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే సైకిలు) చూడండి, ఫోర్కులో 40 మిల్లీమీటర్ల టైరు పడుతుందో లేదో కొట్లోనే కొలిపించండి. మట్టిలోకి పోయేముందు గాలి 35 పీఎస్ఐకి దించమనండి, మీ వాడు తప్పకుండా అరవై కొట్టి ఉంటాడు. ఏడాది పాటు వారం వారం తొక్కితే అప్పుడు నాకు వాణ్ణే రాయమనండి.